రెండు రాజ్యాల సరిహద్దున చెరువు

(ప్రభుత్వ సేవలు బాగుపడాలంటే ఐటీ నాయకత్వం ఎలా ఉండాలన్న అంశంపై కడపలో రెవెన్యూ, వ్యవసాయ, సచివాలయ ఉద్యోగులు, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం.

మన జిల్లాలోనే, పోరుమామిళ్లలో ఒక శాసనం ఉంది. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి దాన్ని వేయించాడు. రోజుకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు, 2 ఏళ్ల పని అని లెక్క కూడా రాయించాడు. లెక్క సంగతి అలా ఉంచండి. మంచి చెరువుకు కావలసిన సాధనాలు 12, చెరువుకు పట్టే దోషాలు 6 అని ఆ రాతి మీద విడివిడిగా చెప్పారు. సాధనాల్లో మొదటిది ధర్మబుద్ధీ ధనమూ ఉన్న రాజు. రెండోది నీటి శాస్త్రం చదివిన పండితుడు. గట్టి బంకనేల, కొండ, రాతికట్ట ఇవన్నీ ఆ తర్వాతే వస్తాయి. చివరిది పని తెలిసిన మనుషుల దండు. ఇక దోషాల్లో కట్ట కింద నీరు ఊరడం, చవుడు నేల లాంటివి ఎవరైనా ఊహిస్తారు. ఒక్క దోషం మాత్రం మట్టికీ రాయికీ సంబంధించినది కాదు. చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం.

ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ల జబ్బు కూడా చాలావరకు ఇదే. కట్ట బాగానే ఉంటుంది, నీళ్లూ ఉంటాయి. తూము ఎవరు ఎత్తాలో తేలదు.

సచివాలయంలో కూర్చునే డిజిటల్ అసిస్టెంట్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. "సర్వర్ డౌన్" అని మీరు రోజుకు ఎన్నిసార్లు అంటారో మీకే తెలియాలి. ఆ మాటను కొంచెం విప్పి చూద్దాం. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది, అంతే. కానీ దాని వెనక కనీసం అయిదు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. ఊరికి వచ్చే ఫైబర్ తీగ ఎక్కడో రోడ్డు పనిలో తెగి ఉండొచ్చు. అప్లికేషన్ నడిచే యంత్రం మీద ఒకేసారి బరువు పడి ఉండొచ్చు. ఆధార్ ధ్రువీకరణ జవాబు రాకపోవచ్చు. ఓటీపీ మెసేజి టెలికాం కంపెనీ దగ్గరే ఆగి ఉండొచ్చు. లేదా అన్నీ బాగున్నా తహశీల్దార్ గారి డిజిటల్ సంతకం సర్టిఫికెట్, పొట్టిగా డీఎస్సీ, గడువు నిన్నటితో తీరిపోయి ఉండొచ్చు. మన దగ్గర డీఎస్సీ అనగానే టీచర్ పోస్టులు గుర్తొస్తాయి గానీ నేను అంటున్నది ఆ సంతకం ఉండే యూఎస్‌బీ డాంగిల్ గురించి.

తీగ ఒక సంస్థది. అప్లికేషన్ ఒక కాంట్రాక్టర్‌ది. ఆధార్ కేంద్ర ప్రభుత్వానిది. మెసేజి టెలికాం వాళ్లది. సంతకం రెవెన్యూ శాఖది. కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి మాత్రం అన్నీ కలిసి ఒకే తెర. ఆ అయిదింటినీ ఒకేసారి చూడగలిగే మనిషి, చూసి ఫలానా చోట ఆగింది అని చెప్పగలిగే మనిషి, చెప్పి బాగు చేయించగలిగే మనిషి జీతాల పట్టీలో ఎక్కడున్నాడు? ఇంగ్లీషు దేశాల్లో ఆ కుర్చీని చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్ అంటారు, పొట్టిగా సీఐఓ. పేరు ఏదైనా పెట్టుకోండి. ఆ కుర్చీకి ఏ కాగితం మీద సంతకం చేసే హక్కు ఉందన్నదే అసలు విషయం.

కుర్చీ ఒక్కటే వేస్తే ఏమవుతుందో అమెరికా వాళ్లు చూపించారు. 1996లో క్లింగర్-కోహెన్ చట్టంతో ప్రతి పెద్ద శాఖకూ సీఐఓ ఉండాలన్నారు. ఉన్నారు. కానీ డబ్బు వేరే చోట, టెండర్లు వేరే చోట. 2013 అక్టోబర్ 1న ఆరోగ్య బీమా వెబ్‌సైటు, హెల్త్‌కేర్ డాట్ గవ్, తెరిచారు. మొదటి రోజు పూర్తిగా నమోదు చేసుకోగలిగింది ఆరుగురు. దేశం మొత్తానికి ఆరుగురు! కంపెనీలు పదుల సంఖ్యలో పనిచేశాయి. ఎవరి ముక్క వాళ్లు రాశారు. ముక్కలన్నీ కలిపి నడుస్తాయా అని చూసే బాధ్యత గట్టిగా ఒకరి మీద పడలేదు. మొత్తం కలిపి పరీక్షించడం ఆఖరి వారాలకు వాయిదా పడింది. ఆ దెబ్బ తగిలాకే, 2014 డిసెంబర్‌లో, ఫితారా అనే ఇంకో చట్టం తెచ్చి శాఖ ఐటీ బడ్జెట్‌కూ కాంట్రాక్టులకూ సీఐఓ ఆమోదం తప్పనిసరి చేశారు. కుర్చీకీ కలానికీ మధ్య 18 ఏళ్లు పట్టింది. మనం కూడా అన్నేళ్లు తీసుకోవాల్సిన పని లేదు.

మనకేమీ అనుభవం లేదా అంటే చాలా ఉంది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ 1976లో మొదలైంది, జిల్లా స్థాయిలో దాని ఇన్ఫర్మేటిక్స్ ఆఫీసర్ ఉన్నాడు. రాష్ట్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఏపీ టెక్నాలజీ సర్వీసెస్ 1985 నాటిది. రిజిస్ట్రేషన్లను కంప్యూటర్ మీదకు తెచ్చిన కార్డ్ 1998లో, మీసేవ 2011లో వచ్చాయి. గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబర్ 2న మొదలయ్యాయి. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలతో ఇంకో తలుపు తెరిచారు. తలుపులు పెరగడం మంచిదే. అయితే తలుపు ఏదైనా లోపలికి వెళ్లాక దరఖాస్తు చేరేది అదే వీఆర్వో లాగిన్‌కు, ఆ తర్వాత అదే తహశీల్దార్ లాగిన్‌కు. ఇంటి ముందు కొత్త వసారా కట్టి వంటిల్లు పాతదే ఉంచితే అన్నం త్వరగా ఉడకదు.

వంటిల్లు కూడా బాగుపడిన ఉదాహరణ పక్క జిల్లాలోనే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. అదే సంవత్సరం ఆ జిల్లాలోనే పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, వివరాలు కంప్యూటర్లోంచి ప్రింటు తీసి, ఊళ్లోకి తీసుకెళ్లి, పేరు పేరునా చదివి "నువ్వు ఇన్ని రోజులు పని చేశావా, ఇంత కూలి ముట్టిందా" అని అడిగారు. ఇది సాధ్యం కావడానికి కారణం సాఫ్ట్‌వేర్ గొప్పది కావడం కాదు. పథకం, డబ్బు, కంప్యూటర్ మూడూ గ్రామీణాభివృద్ధి శాఖ అనే ఒకే గొడుగు కింద ఉన్నాయి. కోడ్ బయటి కంపెనీ రాసినా ఏ లెక్క ఏ రోజుకు తెర మీదకు రావాలో చెప్పింది శాఖే. చెరువు ఒకే రాజ్యంలో ఉంది.

మరి రాష్ట్ర స్థాయిలో ఆ కుర్చీ ఎక్కడ వేయాలి? నా మాటలో చెప్పాలంటే ఆర్థిక శాఖ ఫైలుకు చేయి చాచే దూరంలో, ప్రధాన కార్యదర్శికి నేరుగా జవాబు చెప్పే చోట. ఐటీ శాఖ లోపల నాలుగో మెట్టులో వేస్తే వ్యవసాయ కమిషనర్ ఆయన ఫోన్ ఎందుకు ఎత్తాలి? సీఐఓకు మూడు సంతకాలు ఉండాలి. ఫలానా మొత్తం దాటిన ఏ ఐటీ ఖర్చైనా ఆయన చూడకుండా బడ్జెట్‌లోకి వెళ్లకూడదు. టెండరు షరతులు ఆయన ఒప్పుకోకుండా బయటకు రాకూడదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం, ఆపే సంతకం. పరీక్షలో తేలిపోయిన వ్యవస్థను, ప్రారంభోత్సవం తేదీ ఖరారైపోయినా సరే, ఇప్పుడు వద్దు అని రాసే హక్కు. మొదటి రెండూ ఇచ్చి మూడోది ఇవ్వకపోతే ఆయన గుమాస్తా.

ఇవ్వకూడనిది కూడా ఒకటుంది. శాఖల సేవలను ఆయన సొంతం చేసుకోకూడదు. పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఏ పంటకు ఏ గడువు అన్నది వ్యవసాయ శాఖే చెప్పాలి. ఆదాయ ధ్రువపత్రానికి ఏ విచారణ కావాలో రెవెన్యూ శాఖే తేల్చాలి. గీత ఎక్కడ గీయాలన్న దానికి ఒక ముతక లెక్క పనికొస్తుంది. రెండుకు మించి శాఖలు వాడేది ఏదైనా ఉమ్మడి సొత్తు. లాగిన్, చెల్లింపుల గేట్‌వే, ఎస్‌ఎంఎస్, డిజిటల్ సంతకం, డేటా సెంటర్, ఊళ్ల కోడ్ల పట్టిక ఇవన్నీ సీఐఓ కిందకు వస్తాయి. మిగిలినవి శాఖలవే. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. ప్రతి శాఖా తనకో లాగిన్ కట్టుకుంటుంది, నియమాల బుర్ర మాత్రం కాంట్రాక్టర్ దగ్గర ఉంటుంది. "ఈ దరఖాస్తు ఎందుకు తిరస్కరణ అయింది" అని అడిగితే శాఖలో ఎవరూ చెప్పలేక కంపెనీ కుర్రాడికి ఫోన్ చేస్తారు. ఆ కుర్రాడు ఉద్యోగం మారిన రోజున ఆ నియమం ఎందుకుందో ఇక ఎవరికీ తెలియదు.

శాఖలో ఎంతమంది కావాలి? పెద్ద సైన్యం అక్కర్లేదు, అయిదుగురు చాలు. సేవ యజమాని ఒకరు, ఆయన శాఖ మనిషే అయి ఉండాలి, ఆ పని మండలంలో చేసి వచ్చినవాడైతే మరీ మంచిది. వ్యవస్థ నిర్మాణం తెలిసిన ఇంజనీర్ ఒకరు. డేటా చూసేవారు ఒకరు. కాంట్రాక్టు చదవగలిగేవారు ఒకరు. భద్రతాధికారి ఒకరు. ఈ భద్రతాధికారిని సేవ యజమాని కింద పెట్టొద్దు, తొందర ఉన్నవాడి కింద తాళం వేసేవాడు నిలవడు. అన్నిటికంటే పెద్ద తప్పు ఎఫ్‌ఏసీ. పూర్తి అదనపు బాధ్యతలు! జాయింట్ డైరెక్టర్ గారికి నాలుగు పనులుంటే అయిదోదిగా ఐటీ అంటగడతారు. ఆయన వారానికి ఒక గంట ఇస్తాడు. ఆ గంటలో కంపెనీ ఏం చూపిస్తే అదే చూస్తాడు. ఐటీ చూసే మనిషిని కనీసం 3 ఏళ్లు కదలకుండా ఉంచాలి. టెండరు పిలిచినవాడు, పని ఒప్పగించినవాడు, పూర్తయిన పనిని సరిచూసి తీసుకున్నవాడు ముగ్గురూ వేర్వేరు మనుషులైతే తప్పు ఎవరిదో ఏ ఆడిట్‌కూ దొరకదు.

ఇక డబ్బు, కాంట్రాక్టు. దీని మీద కొంచెం ఎక్కువ సేపు ఉంటాను, ఓపిక పట్టండి.

సాఫ్ట్‌వేర్ కట్టడానికి 10 కోట్లు అయిందనుకుందాం. ఏటా దాన్ని నడపడానికి, సరిచేయడానికి 15 నుంచి 20 శాతం, అంటే ఒకటిన్నర నుంచి రెండు కోట్లు, పక్కన పెట్టాలని ఈ రంగంలో వేసుకునే లెక్క. మన ఫైళ్లలో మొదటి పది కోట్లకు జీవో వస్తుంది. రెండో ఏడు వచ్చేసరికి "అయిపోయిన పనికి మళ్లీ డబ్బెందుకు" అని కొర్రీ పడుతుంది. చెరువు కట్టి పూడిక తీయనట్టే. మూడో ఏటికి ఆండ్రాయిడ్ మారుతుంది, పాత యాప్ గ్రామ వ్యవసాయ సహాయకుడి ఫోన్లో తెరుచుకోదు, అప్పుడు బాగుచేయడం మానేసి కొత్త టెండరు పిలుస్తారు. కాబట్టి కట్టుబడి, నిర్వహణ రెండూ ఒకే మంజూరులో, కనీసం 5 ఏళ్లకు రావాలి.

కాంట్రాక్టులో "సోర్స్ కోడ్ ప్రభుత్వానిదే" అని ఒక వాక్యం అందరూ రాస్తారు. ఆ వాక్యంతో ఏమీ కాదు. ఆఖరి రోజున ఒక పెన్‌డ్రైవ్‌లో జిప్ ఫైలు ఇస్తారు, దాన్ని విప్పితే నడవదు. రాయాల్సింది ఇలా: మూడు నెలలకోసారి కోడ్ ప్రభుత్వ ఖాతాలోకి రావాలి. ఆ కోడ్ నుంచి, కంపెనీ మనిషి చేయి పెట్టకుండా, ప్రభుత్వ ఇంజనీర్ తన యంత్రం మీద మొత్తం వ్యవస్థను నిలబెట్టి చూపాలి. నిలబడితేనే ఆ త్రైమాసికం బిల్లు. మొదటిసారి తప్పకుండా నిలబడదు. ఏదో ఒక ఫైలు కంపెనీ లాప్‌టాప్‌లో ఉండిపోయి ఉంటుంది. అది మొదటి మూడు నెలల్లోనే బయటపడటం మనకు లాభం.

ఇంకో చిన్న విషయం, చిన్నదే గానీ ఊళ్లు ఆగిపోతాయి. వెబ్‌సైటు పేరు ఎవరి పేరున రిజిస్టరైంది? దాని భద్రతకు కావలసిన ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ ఎప్పుడు అయిపోతుంది, గుర్తుచేసే ఈమెయిల్ ఎవరికి వస్తుంది? ఓటీపీ పంపినవారి పేరుగా కనిపించే హెడర్, మెసేజి నమూనా రెండూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీల నమోదు వేదిక డీఎల్‌టీలో ముందే నమోదై ఉండాలి. అవి కాంట్రాక్టర్ పేరున నమోదై ఉండి, కాంట్రాక్టు ముగిసిన రోజున అతను ఖాతా మూసుకుంటే, యంత్రాలన్నీ చక్కగా నడుస్తున్నా ఒక్క ఓటీపీ కూడా పోదు. మెసేజిలో ఒక్క మాట మార్చినా, కొత్త నమూనా నమోదు కాకపోతే టెలికాం దగ్గరే ఆగిపోతుంది. కౌంటరు దగ్గర దాని పేరు మళ్లీ "సర్వర్ డౌన్".

కాంట్రాక్టుల్లో "99 శాతం నడవాలి" అని రాసి సంతోషపడతాం. లెక్క వేయండి. 30 రోజుల నెలకు 720 గంటలు. అందులో ఒక శాతం 7 గంటల 12 నిమిషాలు. 99.9 అంటే 43 నిమిషాలు. ఆ ఏడు గంటలు అర్ధరాత్రి పోతే ఎవరికీ పట్టదు. ఒకటో తారీకు పొద్దున, సచివాలయ ఉద్యోగులు పింఛన్ల కోసం ఇంటింటికీ బయలుదేరిన వేళ పోతే? కాంట్రాక్టు ప్రకారం తప్పే లేదు, జరిమానా లేదు. అందుకని లెక్క గడియారం మీద కాకుండా కౌంటరు తెరిచి ఉన్న గంటల మీద కట్టాలి, ఒకటో తారీకు ఉదయాన్ని విడిగా కట్టాలి.

ప్రభుత్వ పనికి ఒక పంచాంగం ఉంది. ఒకటిన పింఛన్లు. నెల మొదట్లో రేషన్. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు. జూన్, జూలైలో బడులూ కాలేజీలూ తెరిచినప్పుడు కుల, ఆదాయ పత్రాల కోసం వరుసలు. ఖరీఫ్‌కు ఒకసారి, మన జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో శనగ వేశాక రబీకి ఒకసారి ఈ-క్రాప్. ఇవన్నీ ముందే తెలిసిన తేదీలు. అయినా ఆ ముందు రోజు సాయంత్రమే కొత్త వెర్షన్ పెడతారు! సీఐఓ కార్యాలయం ఏడాది మొదట్లోనే ఈ తేదీల చుట్టూ ఎర్రగీత గీయాలి. ఆ గీత లోపల ఏ మార్పూ ఎక్కించకూడదు, మంత్రిగారి పేషీ నుంచి ఫోన్ వచ్చినా. ఎక్కించే ముందు పరీక్ష హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ గదిలో చేస్తే చాలదు. మూడు మండలాల్లో రెండు వారాలు, సిగ్నల్ సరిగ్గా లేని ఊరు ఒకటి తప్పకుండా ఉండేలా, నిజమైన డిజిటల్ అసిస్టెంట్ల చేతనే చేయించాలి.

డేటా దగ్గరికి వద్దాం. కడప వాళ్లకు ఇది ఇంకెవరికంటే బాగా అర్థమవుతుంది. 2005లో మన ఊరి ఇంగ్లీషు స్పెల్లింగు మారింది. 2010లో జిల్లా వైఎస్ఆర్ జిల్లా అయింది. తర్వాత అందులోకి కడప మాట మళ్లీ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి, రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా విడిపోయింది. ఒకే ఊరి ఒకే కుటుంబం కాగితాల్లో జిల్లా పేరు నాలుగు రకాలుగా ఉండొచ్చు. వ్యవస్థలో జిల్లాను పేరుతో గుర్తుపెట్టుకుంటే, అవి నాలుగు జిల్లాలు. కోడ్‌తో గుర్తుపెట్టుకుంటే ఒకటే. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఇప్పటికే ఉంది. దాన్ని వాడని శాఖ తన డ్రాప్‌డౌన్ జాబితా తనే టైపు చేసుకుంటుంది. జిల్లా విడిపోయినప్పుడు కోడ్ పట్టికను ఫలానా రోజు నుంచి ఫలానా ఊరు ఫలానా జిల్లాలో అని తేదీతో సహా మార్చాలి. పాత వరుసను చెరపకూడదు. చెరిపేస్తే 2021లో ఇచ్చిన పత్రాన్ని 2023లో సరిచూడటం కుదరదు. సరిహద్దులు మళ్లీ మారొచ్చు కూడా. ఆ పట్టికకు రాష్ట్రం మొత్తానికి ఒక్కరే యజమాని ఉండాలి.

పేర్ల సంగతి మరీ ఘోరం. లక్ష్మీదేవి అనే రైతు ఉందనుకోండి. ఆధార్‌లో లక్ష్మీదేవి, పట్టాదారు పాస్‌పుస్తకంలో లక్ష్మిదేవమ్మ, బ్యాంకులో భర్త ఇంటిపేరుతో ఇంకో రకం. ఈ-క్రాప్‌లో ఆమె శనగ పంట నమోదైంది, ఫోటో ఉంది, వేలిముద్ర కూడా పడింది. సాయం డబ్బు మాత్రం రాలేదు. పేర్ల తేడా ఒక్కటే కారణం అనుకోకండి. ఎందుకు రాలేదో చూద్దాం. భూమి వివరం వెబ్‌ల్యాండ్ నుంచి, అంటే రెవెన్యూది. పంట వివరం వ్యవసాయ శాఖది. డబ్బు పోయేది ఆధార్‌కు చివరగా అనుసంధానమైన బ్యాంకు ఖాతాకు, ఆ పట్టిక బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐది. ఆమె రెండేళ్ల కింద డ్వాక్రా లోను కోసం ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చింది. డబ్బు అక్కడికి వెళ్లింది. లేదా ఆ ఖాతా నిద్రపోయి ఉంటే వెనక్కి వచ్చింది. ఇదీ అసలు గండి: వెనక్కి వచ్చిన చెల్లింపుల జాబితా ఎవరిది? రెవెన్యూ తన పని చేసింది. వ్యవసాయం తన పని చేసింది. బ్యాంకు నియమం ప్రకారమే నడిచింది. ముగ్గురిదీ పచ్చ టిక్కు, లక్ష్మీదేవికి సున్నా.

దీనికి మందు పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు. వెనక్కి వచ్చిన ప్రతి చెల్లింపూ 48 గంటల్లో, కారణంతో సహా, తెలుగులో, ఆ ఊరి సచివాలయం లాగిన్‌లోకి రావాలి. "ఇనాక్టివ్" అని కోడ్ పడేయకుండా "డబ్బు ఫలానా బ్యాంకు నుంచి తిరిగొచ్చింది, ఖాతా వాడుకలో లేదు" అని ఉండాలి. ఆ జాబితా ఖాళీ అయ్యేదాకా పథకం "పంపిణీ పూర్తి" అని రాయడానికి వీల్లేదని సేవ యజమాని మీద పెట్టాలి. ఒక పక్కమాట కూడా చెబుతాను. కౌలు రైతు కష్టం ఇందులో తీరదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం 11 నెలల సాగుదారు కార్డుకు భూయజమాని ఒప్పుకోవాలి. ఆయన సంతకం పెట్టనంటే ఏ యాప్ ఏం చేస్తుంది? చట్టంలో ఉన్న చిక్కును ఐటీ మీదకు తోసేయడం కూడా మన అలవాట్లలో ఒకటి.

కొలతల గురించి. పత్రాల జారీ గడువులోపల అయిందా లేదా అన్న డ్యాష్‌బోర్డు ప్రతి కలెక్టరేట్లో ఉంది. ఆ పచ్చరంగును నమ్మొద్దు. గడువు రేపు ముగుస్తుందనగా ఈ సాయంత్రం "సరైన పత్రాలు జతచేయలేదు" అని తిరస్కరిస్తే డ్యాష్‌బోర్డు దృష్టిలో పని సకాలంలో ముగిసింది. ఆ పిల్లవాడు మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటే కొత్త నంబరు, కొత్త గడువు. గడియారం సున్నాకు వచ్చింది. దరఖాస్తు నంబరును కాకుండా మనిషిని పట్టుకుని కొలవండి. మొదటిసారి అడిగిన రోజు నుంచి పత్రం చేతికొచ్చిన రోజు దాకా ఎన్ని రోజులు, మధ్యలో ఎన్నిసార్లు తిరిగాడు. అర్జీల్లో కూడా అంతే, "పరిష్కరించబడింది" అన్న సంఖ్య పక్కనే అదే మనిషి అదే విషయం మీద మళ్లీ వచ్చిన సంఖ్య వేయండి. సగటు కూడా వేయొద్దు. తొమ్మిది మందికి ఒక్క రోజులో ఇచ్చి పదో వాడిని 91 రోజులు తిప్పితే సగటు పది రోజులు. మంచిగానే కనిపిస్తుంది! ఆ పదో వాడి ఫైలు తీసి చదవండి, వ్యవస్థ జబ్బు అందులో ఉంటుంది.

భద్రత మీద రెండు మాటలే. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లోపు వాళ్లకు చెప్పాలి, లాగ్‌లు, అంటే వ్యవస్థలో ఎప్పుడు ఏం జరిగిందన్న నమోదులు, 180 రోజులు దాచాలి. ఆరు గంటలంటే ఫైలు పైకి వెళ్లి కిందికి వచ్చే సమయం కాదు. కాబట్టి ఎవరిని అడగకుండా ఎవరు ఫోన్ చేయవచ్చో ముందే జీవోలో పేరు, హోదాతో రాసి ఉండాలి. ఇక తహశీల్దార్ గారి డాంగిల్ కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులో ఉండటం, పిన్ నంబరు డాంగిల్ మీదే స్టిక్కరు అంటించి రాయడం, దాని గురించి నేను చెప్పాల్సిన పని లేదు, నవ్వుతున్నారు కాబట్టి.

జిల్లాలో ఇప్పుడే, ఏ కొత్త జీవో లేకుండా చేయగలిగేది ఒకటి చెప్పి ఆపుతాను. బదిలీల కాలం వస్తుంది. తహశీల్దార్ మారిన రోజున కొత్తాయన పేరున డిజిటల్ సంతకం వచ్చి, లాగిన్‌కు జతయ్యేదాకా మండలంలో పత్రాలన్నీ ఆగుతాయి. దాన్ని రిలీవింగ్ ఉత్తర్వులోనే భాగం చేయవచ్చు. బదిలీ జాబితా బయటకు వచ్చిన రోజే కొత్త సంతకానికి దరఖాస్తు, అది వచ్చేదాకా డిప్యూటీ తహశీల్దార్‌కు తాత్కాలిక అధికారం, చార్జి ఇచ్చే కాగితంలో బీరువా తాళాల పక్కనే డాంగిల్ గడువు తేదీ, లాగిన్లో ఆ రోజుకు మిగిలిన దరఖాస్తుల సంఖ్య, వాటిలో అన్నిటికంటే పాతది ఏ రోజుదో. జిల్లాలో అన్ని మండలాల డాంగిల్ గడువులూ ఒకే పట్టికలో రాసుకుని, 45 రోజుల ముందు గుర్తుచేసే పని కలెక్టరేట్లో ఒక్కరికి అప్పగించండి. ఎక్సెల్ షీటు చాలు. దానికి టెండరు అక్కర్లేదు.

ఇక ప్రశ్నలు. ముందు వెనక వరుసలో కూర్చున్న డిజిటల్ అసిస్టెంట్లు అడగండి, ఆ తర్వాత ఆఫీసర్లు.